జపాన్ టీ విద్య చాదో: నేర్చుకోవడం ఎలా, నేర్పించడం ఎలా

ఉద్యోగానికో చదువుకో జపాన్ వచ్చిన మనవాళ్లలో చాలామందికి, ఊరు కాస్త అలవాటయ్యాక, ఇక్కడి కళ ఒకటి పద్ధతిగా నేర్చుకోవాలనిపిస్తుంది. క్యోటోలోనూ టోక్యోలోనూ కిమోనో కట్టి, గంటసేపు కూర్చోబెట్టి, ఒక గిన్నె మాచా (మెత్తని గ్రీన్ టీ పొడి) కలిపించే క్లాసులు బోలెడు ఉన్నాయి. సరదాకి ఒకసారి వెళ్లడానికి అవి బాగానే ఉంటాయి. కానీ చాదో అనే టీ విద్య ఒకే గురువు దగ్గర, ఒకే గదిలో, ఏళ్ల తరబడి సాగుతుంది. అలా నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. టీ కలపడం నేర్చుకోవడానికి వెళ్తున్నామని అందరూ అనుకుంటారు. సగం విద్య తాగేవాళ్ల వైపు ఉంది. ప్రతి పాఠంలోనూ ఒక శిష్యుడు టీ కలుపుతుంటే మిగతావాళ్లు అతిథులుగా కూర్చుంటారు, తర్వాత చోట్లు మారతారు. అతిథిగా కుదురుగా కూర్చుని చూడగలిగినవాళ్లకు కలపడం కూడా తొందరగా పట్టుబడుతుంది. రేపు మీరు ఎవరికైనా నేర్పినా మొదలుపెట్టాల్సింది అక్కడే.

గురువును వెతుక్కోవడం

ఈ విద్యకు ఇవాళ్టి రూపం ఇచ్చింది సెన్ నో రిక్యూ (1522–1591). ఆయన మనవడు సోతాన్ కొడుకుల నుంచి మూడు ఇళ్లు ఏర్పడ్డాయి: ఒమొతెసెంకె, ఉరసెంకె, ముషాకోజిసెంకె. మూడూ క్యోటోలోనే ఉన్నాయి. ఒక్కో ఇంటికి వంశపారంపర్యంగా ఒక పెద్ద ఉంటారు, ఆయన్ని ఇయెమొతో అంటారు. వీటికి బయట కూడా వేరే శాఖలున్నాయి.

శాఖల మధ్య తేడాలు చిన్నవే గానీ స్పష్టంగా కనిపిస్తాయి. ఉరసెంకెలో టీ మీద నురగ నిండా రావాలి. ఒమొతెసెంకెలో కొంత భాగం నురగ లేకుండా వదిలేస్తారు. గదిలోకి వచ్చేటప్పుడు ఉరసెంకెలో కుడికాలు ముందు, ఒమొతెసెంకెలో ఎడమకాలు ముందు. ఏది గొప్పదని తల బద్దలుకొట్టుకోకండి. మీ ఇంటికి అరగంట దూరంలో మంచి గురువు ఏ శాఖలో ఉంటే అదే మీ శాఖ. విదేశీయులు ఎక్కువగా కనిపించేది మాత్రం ఉరసెంకెలో. విదేశీ విద్యార్థుల కోసమే 1970లో క్యోటోలో మిదొరికాయ్ అనే శిక్షణ మొదలుపెట్టింది ఆ శాఖ. నేను కింద చెప్పే వివరాలు కూడా ఎక్కువగా ఉరసెంకె పద్ధతివే.

చాలామంది గురువులు ఇంట్లోనే నేర్పుతారు. వాళ్లకు వెబ్‌సైట్ ఉండదు, ఇంటి బయట బోర్డూ ఉండకపోవచ్చు. మీ వార్డు లేదా సిటీ ఆఫీసుకు అనుబంధంగా ఉండే అంతర్జాతీయ సంఘంలో అడగండి. కోమిన్‌కాన్ అనే కమ్యూనిటీ హాల్ నోటీసు బోర్డు చూడండి. యూనివర్సిటీలో ఉంటే సాదో (చాదోకే ఇంకో పేరు) క్లబ్ ఉందేమో కనుక్కోండి. ఆఫీసులో నలభై దాటిన జపనీస్ సహోద్యోగిని అడిగినా వాళ్ల అత్తగారో పిన్నిగారో నేర్పుతున్నారని తేలే అవకాశం ఎక్కువే. ఇలా ఒకరి పరిచయంతో వెళ్లడమే అన్నిటికన్నా మంచిది.

చేరే ముందు "కెంగకు", అంటే ఒకరోజు వచ్చి చూడటానికి, అనుమతి అడగండి. ఆ రోజు గురువు ఎంత పేరున్నవారనేది పక్కన పెట్టి, పాత శిష్యుల మీద ఒక కన్ను వేయండి. వాళ్లు భయంతో బిగుసుకుపోయి ఉన్నారా, శ్రద్ధగా ఉన్నారా? కొత్తవాళ్లకు పక్కనుంచి సాయం చేస్తున్నారా? ఇది బాగా గమనించి చేరండి, ఎందుకంటే ఒకసారి చేరాక గురువును మార్చడం ఇక్కడ చిన్న విషయం కాదు. ఊరు మారితే నేరుగా వెళ్లి, కృతజ్ఞత చెప్పి, కొత్త ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లమంటారో వారినే అడగడం మర్యాద. మెసేజ్ పెట్టి మానేయడం అసలు చేయకండి.

మొదటి రోజు ఏం పట్టుకెళ్లాలి

కిమోనో అక్కర్లేదు. మోకాళ్లు కప్పేలా వదులుగా ఉన్న బట్టలు చాలు. టైట్ జీన్స్ వద్దు, పది నిమిషాలు కూర్చోలేరు. గదిలోకి వెళ్లే ముందు మార్చుకోవడానికి ఉతికిన తెల్ల సాక్సులు ఒక జత పట్టుకెళ్లండి. సెంటు రాసుకోవద్దు, చిన్న గదిలో టీ వాసనని, ధూపాన్ని మింగేస్తుంది. వాచీ, ఉంగరాలు తీసేయాలి. గిన్నెల్లో కొన్ని గురువుగారి తాతల నాటివి, ఒక గీత పడితే పోయినట్టే. మన ఆడవాళ్లకు గాజులు, నల్లపూసల విషయంలో ఇబ్బంది వస్తుంది. గొలుసు జాకెట్టు లోపలికి వేసుకుంటే వంగినప్పుడు గిన్నెకు తగలదు. గాజులు తీయడం ఇష్టం లేకపోతే మణికట్టుకు మెత్తని గుడ్డ చుట్టుకోవచ్చా అని గురువును ముందురోజే అడగండి. వెళ్లి కూర్చున్నాక చెప్తే అందరికీ ఇబ్బంది.

సొంతంగా కొనాల్సినవి కొన్నే: ఫుకుసా (పట్టుగుడ్డ), మడిచే చిన్న విసనకర్ర, కాయిషి అనే కాగితాల కట్ట, స్వీటు కోసుకునే చిన్న పుల్ల. ఉరసెంకెలో సాధారణంగా ఆడవాళ్ల ఫుకుసా ఎరుపు, మగవాళ్లది ఊదా. గురువును అడగకుండా ఆన్‌లైన్‌లో సెట్టు ఆర్డర్ పెట్టకండి.

శాకాహారులకు ఊరట: వగాషి అనే స్వీట్లలో ఎక్కువ భాగం అజుకి బీన్స్, బియ్యప్పిండి, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసే కాంతెన్‌తో చేస్తారు. గుడ్డు వేసేవి కొన్ని ఉంటాయి. అసలు జాగ్రత్త పడాల్సింది పూర్తి స్థాయి విందు చాజి దగ్గర. అందులో కాయిసెకి భోజనం ఉంటుంది, దాని పులుసులో ఎండు చేప రసం తప్పకుండా ఉంటుందనుకోండి. పిలుపు వచ్చిన రోజే చెప్పేయాలి.

అతిథిగా కూర్చోవడం

సెయిజా, అంటే మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం, అందరికీ టెన్షన్ పెట్టే విషయం. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అది జపనీయులకూ తప్పదు. బొటనవేళ్లు ఒకదానిమీద ఒకటి వేసి అప్పుడప్పుడు పైదాన్ని కిందికి మార్చండి. తిమ్మిరెక్కితే గబుక్కున లేవొద్దు. ముందు మడమలు పైకెత్తి, కాలివేళ్ల మీద కూర్చుని, తిమ్మిరి తగ్గాక లేవండి. పక్కన మరిగే నీళ్ల కెటిల్ ఉంటుంది, పడితే ప్రమాదం. మోకాళ్ల నొప్పులుంటే దాచుకోకుండా చెప్పండి. బల్ల, స్టూళ్లతో చేసే ర్యూరెయ్ అనే పద్ధతి ఉంది. 1872లో క్యోటో ప్రదర్శనకు విదేశీయులు వస్తారని ఉరసెంకె 11వ పెద్ద గెంగెన్‌సాయ్ రూపొందించారు. అది నిఖార్సైన టీ విద్యే.

స్వీటు ముందు, టీ తర్వాత. పళ్లెం మీ దగ్గరికి రాగానే పక్కవారికి వంగి "ఒసాకి ని" అనాలి, అంటే మీకన్నా ముందు తీసుకుంటున్నానని. స్వీటు కాయిషి మీద పెట్టుకుని, టీ వచ్చేలోపు పూర్తిగా తినేయాలి. మాచా చేదు ఆ తీపి మీద పడాలి కాబట్టి.

గిన్నె రాగానే మళ్లీ పక్కవారికి "ఒసాకి ని", తర్వాత గిన్నెను మీ ముందు పెట్టుకుని కలిపినవారికి "ఒతెమాయె చోదాయ్ ఇతషిమస్" అనాలి, అంటే మీరు కలిపిన టీ తీసుకుంటున్నానని. ఎడమ అరచేతిలో గిన్నె, కుడిచేయి పక్కన. కొంచెం పైకెత్తి, గడియారం ముల్లు తిరిగే వైపు రెండుసార్లు తిప్పండి. గిన్నెకు ముఖం ఉంటుంది, కలిపినవారు ఆ ముఖాన్ని మీ వైపు పెట్టి ఇస్తారు, మీరు దాని మీద నోరు పెట్టకుండా పక్కకు జరుపుతారు. చివరి గుటక చప్పుడుతో పీల్చాలి. చిన్నప్పటినుంచి చప్పుడు చేయొద్దని విన్న మనకు నోరు రాదు, కానీ అయిపోయిందని కలిపినవారికి తెలిసేది దాంతోనే. నోరు పెట్టిన చోట వేలితో తుడిచి, ఆ వేలు కాయిషికి తుడుచుకుని, గిన్నెను వెనక్కి తిప్పి కింద పెట్టండి.

అప్పుడు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, గిన్నెను చాపకు దగ్గరగా ఎత్తి చూడాలి. అడుగుభాగం, మెరుగు ఆగిపోయిన అంచు, కుమ్మరి వేలిముద్ర ఉంటే అది. అంత కిందికి వంగేది జారినా పగలకూడదని.

బయట పెద్ద టీ సభలకు టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు, వెళ్లండి కూడా. అక్కడ మొదటి స్థానంలోనూ చివరి స్థానంలోనూ మాత్రం కూర్చోకండి. మొదటి అతిథి అందరి తరఫునా గిన్నె గురించి, టీ చెంచా పేరు గురించి అడగాలి. చివరి అతిథి పాత్రలు తిరిగి అప్పగించాలి. మధ్యలో కూర్చుని ముందువారిని చూసి చేయడం కొత్తవాళ్లకు క్షేమం.

చేతులకు పని

కర్ణాటక సంగీతంలో సరళీ వరసలు ఎలాగో ఇక్కడ వరిగేయికో, అంటే ముక్కలుగా చేసే సాధన, అలాగ. మొత్తం తెమాయె, అంటే టీ కలిపే విధానం, ఒకేసారి నేర్పరు. ముక్కలు చేసి నేర్పుతారు: పట్టుగుడ్డ మడత, డబ్బా తుడవడం, చెంచా తుడవడం, తడిగుడ్డతో గిన్నె తుడవడం, టీ చిలికే వెదురు చిలకం కడగడం. చాలామంది ఇక్కడే విసుగొచ్చి మానేస్తారు. ఈ ముక్కలు చేతికి వచ్చాక మిగతా విధానాల్లో కొత్తగా నేర్చుకునేది వరుస మాత్రమే, కాబట్టి ఓపిక పట్టండి.

ఫుకుసా మడత దగ్గరికి వద్దాం. గుడ్డకు మూడు అంచులు కుట్టి ఉంటాయి, నాలుగోది కుట్టు లేని మడత. ముందు ఆ మడత అంచు వేళ్లకు తెలియాలి, చూసి వెతుక్కోకూడదు. నడుము దగ్గర నుంచి తీసి, తలకిందులు చేసిన త్రికోణంలా రెండు కొనలు పట్టుకుంటారు. కాస్త వదులు చేసి బిగువుగా లాగుతారు. తర్వాత మూడు భాగాలుగా నిలువునా మడిచి, ఎడమచేతి మీద సగానికి, మళ్లీ సగానికి. ఇదంతా కలిపి కొన్ని క్షణాలు. మొదట్లో భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు పక్కలకు అతుక్కుంటాయి. గురువు ఏమీ అనకుండా వచ్చి మీ మోచేతిని రెండు వేళ్లతో కాస్త బయటికి జరుపుతారు. పాఠమంటే అదే. ఇంటికెళ్లి రోజూ కాసేపు ఆ మడత ఒక్కటే చేయండి.

క్లాసులో నోట్సు రాసుకోవడం, వీడియో తీయడం చాలాచోట్ల ఒప్పుకోరు. చూడండి, చేయండి, రైల్లో ఇంటికెళ్తూ గుర్తున్నంత రాసుకోండి. పై స్థాయి విధానాలకైతే అచ్చు పుస్తకాలే ఉండవు, నోటి మాటగానే వస్తాయి. జ్ఞాపకానికి ఇప్పటినుంచే పని పెట్టడం మంచిది.

"ఎందుకు?" అని మధ్యలో అడగొద్దు, అయ్యాక అడగండి. చాలావాటికి సూటి కారణం ఉంటుంది. వెదురు చిలకాన్ని టీకి ముందు వేడినీళ్లలో ముంచి పైకెత్తి చూస్తారు. పుల్లలు మెత్తబడతాయి, ఏ కొనైనా విరిగి ఉంటే అతిథి టీలో పడకముందే కనిపిస్తుంది.

ఇంకో విషయం ముందే తెలిస్తే కంగారుపడరు. మే నుంచి అక్టోబరు వరకు నిప్పు ఫురో అనే కుంపటిలో ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నేలలో తొలిచిన రో అనే పొయ్యిలో. పొయ్యి చోటు మారితే మీరు కూర్చునే కోణం, గరిటె పట్టు, పాత్రల స్థానాలు అన్నీ మారతాయి. అప్పుడే పట్టుబడిందనుకున్నది నవంబరు మొదటి పాఠంలో చేజారిపోయినట్టుంటుంది. అక్కడ అందరి పరిస్థితీ అదే.

టీ గది వెనక మిజుయా అనే చిన్న గది ఉంటుంది, పాత్రలు కడిగి సిద్ధం చేసే చోటు. పాఠానికి పావుగంట ముందు వెళ్లి అక్కడ పని అడగండి. మాచా జల్లించడం, డబ్బాలో చిన్న గుట్టలా నింపడం, తడిగుడ్డ మడవడం, నీళ్లు పట్టడం సీనియర్ల పక్కన నిలబడితేనే వస్తాయి. నా దృష్టిలో టీ గదిలో చేసే తప్పుల్లో చాలావాటికి మూలం మిజుయాలో వదిలేసిన పని.

ఇంట్లో అభ్యాసం

ఒక ట్రే, గిన్నె, వెదురు చిలకం, చెంచా, ఫ్లాస్కు చాలు. మొదట నేర్పే బొంర్యాకు అనే ట్రే విధానానికి ఇంతకన్నా పెద్దగా అక్కర్లేదు. మాచా 2 గ్రాములు, అంటే వెదురు చెంచాతో రెండుసార్లు, జల్లించి వేయండి. 80 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లు 70 మిల్లీలీటర్లు పోయండి. మణికట్టుతో ముందుకూ వెనక్కూ వేగంగా చిలకాలి. చిలకాన్ని గిన్నె అడుక్కి నొక్కకూడదు. నురగ లేచాక పైపైన నెమ్మదిగా తిప్పి తీసేయండి.

చిలకానికి సబ్బు తగలనివ్వొద్దు, వేడినీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టండి. నారా రాష్ట్రంలో ఇకొమా ఊళ్లోని తకయామాలో ఒకే వెదురు ముక్కను సన్నగా చీల్చి చేత్తో చేస్తారు వీటిని. మాచా డబ్బా ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు బయట ఉంచి గది వేడికి వచ్చాకే మూత తీయండి. లేకపోతే చెమ్మ పట్టి ఉండ కడుతుంది.

డబ్బు, అనుమతి పత్రాలు

నెల ఫీజును గెష్షా అంటారు. నెలకు రెండు నుంచి నాలుగు పాఠాలకు సాధారణంగా 5,000 నుంచి 10,000 యెన్లు ఉంటుంది, పెద్ద ఊళ్లలో ఎక్కువ కావచ్చు. కొత్త నోట్లు కవరులో పెట్టి, రెండు చేతులతో ఇవ్వాలి. స్వీట్లకు, బొగ్గుకు విడిగా తీసుకుంటారేమో, జులైలోనూ డిసెంబరులోనూ కానుకలిచ్చే అలవాటు అక్కడ ఉందేమో గురువును అడగకండి, సీనియర్‌ను అడగండి.

పత్రాల విషయంలో మనవాళ్లు పొరబడేది ఎక్కువ. ఉరసెంకెలో క్యోజో అనేది పరీక్ష పాసైన సర్టిఫికెట్ కాదు. ఫలానా విధానం నేర్చుకోవడానికి ఇయెమొతో ఇచ్చే అనుమతి. కాగితం వచ్చాకే ఆ పాఠం మొదలవుతుంది. మొదటి మెట్టులో మూడు ఉంటాయి: న్యూమోన్, కొనరాయి, చాబాకో. గురువే మీ తరఫున దరఖాస్తు చేస్తారు. ఇయెమొతోకు రుసుము, గురువుకు విడిగా కృతజ్ఞత సొమ్ము ఉంటాయి, పై మెట్లకు ఖర్చు బాగా పెరుగుతుంది. రెజ్యూమెలో రాసుకోవడానికైతే దరఖాస్తు పెట్టొద్దు. నేర్చుకోవాలని ఉంటే గురువు చెప్పిన సమయానికి పెట్టండి.

మీరు నేర్పే రోజు

శిష్యులను చేర్చుకోవడానికి చాలా మెట్లు ఎక్కాలి. కానీ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మనవాళ్లకు ఒకసారి చూపించమని ఎవరో అడుగుతారు. ముందు మీ గురువుతో చెప్పి సరే అనిపించుకోండి. అక్కడ కూర్చున్నవాళ్లకు మీ శాఖ పేరు, ఇంకా విద్యార్థిగానే ఉన్నానన్న సంగతి మొదటే చెప్పండి.

ముందు అతిథి పాత్ర నేర్పండి. వంగడం, స్వీటు తీసుకోవడం, గిన్నె తిప్పడం, తాగడం. ఇది వచ్చాక మీరు కలిపేటప్పుడు వాళ్లు తమాషా చూసే జనంలా కాకుండా పాల్గొనేవాళ్లలా ఉంటారు. గదిలో తేడా వెంటనే తెలుస్తుంది. సెయిజా పెద్దవాళ్ల మీద రుద్దొద్దు, బాసింపట్టు వేసుకోనివ్వండి, లేదా కుర్చీ వేయండి. ఒకసారికి నలుగురైదుగురు మించకూడదు. ఎక్కువైతే చివరివారికి టీ వచ్చేసరికి మాటలు మొదలవుతాయి.

జపాన్ స్వీట్లు దొరక్కపోతే మనవే వాడండి, రెండు కొరుకుళ్లలో అయిపోయేవి, నెయ్యి కారనివి. కొబ్బరి ఉండ, కోవా బాగుంటాయి. పూతరేకు పొడి రాలుతుంది, గులాబ్‌జాం పాకం వేళ్లకంటుతుంది. బోరు నీళ్లతో కలపొద్దు, ఫిల్టరు నీళ్లు కాచండి. మన ఎండాకాలంలో మాచాను బయట వదిలేస్తే రంగూ వాసనా పోతాయి.

ఎవరైనా వరుసగా వచ్చి నేర్చుకుంటామంటే చేతిపని తడిగుడ్డ మడతతో మొదలుపెట్టించండి, తర్వాత ఫుకుసా, డబ్బా, చెంచా, చివర్లో చిలకం. పిల్లలకు మాత్రం వరుస తిప్పి, చిలకడం ముందే చేయించండి, నురగ వచ్చిందంటే మిగతాది అడిగి నేర్చుకుంటారు. ఒక పాఠంలో ఒకే తప్పు దిద్దండి. వాళ్లు చేస్తుండగా చరిత్ర చెప్పొద్దు. చేతులు కదులుతున్నప్పుడు చెవులు వినవు. రిక్యూ కథ గిన్నెలు కడిగాక చెప్పుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఉండి, టీ గురువు దొరక్క, అయినా జపాన్ కళ ఒకటి పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇకెబానా పూల అమరిక దగ్గరి దారి. ఒహారా శాఖ చాప్టర్ అక్కడ ఉంది. టీ గది గూట్లో పెట్టే పూలు వేరే రకం, చాబానా అంటారు, ఇకెబానా కంటే చాలా సాదాగా ఉంటాయి. అయినా ఒక గురువు దగ్గర మెట్టు మెట్టుగా నేర్చుకునే అలవాటు అక్కడ పడితే, తర్వాత జపాన్ వెళ్లినప్పుడు పనికొస్తుంది.

మీ దగ్గర మొదలుపెట్టినవాళ్లలో ఎవరైనా జపాన్ వెళ్తుంటే, మీ గురువుకు ముందుగా చెప్పి, వాళ్ల పేరు, ఏ ఊళ్లో ఉంటారు, ఇప్పటిదాకా ఏమేం చేశారు అన్నీ రాసి పరిచయం చేయండి. ఆ ఊళ్లో తెలిసినవారెవరో గురువే కనుక్కుని చెప్తారు.